పాత హైడ్రాలిక్ ఆయిల్: పొయ్యిలోకా, ప్రెస్సులోకా?

చలికాలం మొదలయ్యేసరికి ఈ శీర్షికకు గీజర్ల గురించీ, కరెంటు బిల్లుల గురించీ ఉత్తరాలు పెరగడం మామూలే. ఈసారి మాత్రం ఒకరినొకరు ఎరగని ఐదుగురు పాఠకులు, ప్రెస్సుల వంటి యంత్రాలను ఒత్తిడితో నడిపేందుకు పోసి వాడేసిన హైడ్రాలిక్ ఆయిల్‌ను వంటచెరకులాగా కాల్చుకోవడం గురించీ, లేకపోతే ఎలా వదిలించుకోవాలన్న దాని గురించీ అడిగారు. నా ఉద్యోగ జీవితమంతా ప్రెస్సుల మధ్యా, వాటికి నూనెను ఒత్తిడితో పంపే పవర్ ప్యాకుల మధ్యా గడిచింది కనుక, ఈ నెల స్థలమంతా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నాకు బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు ఉంది. నాలుగు హైడ్రాలిక్ ప్రెస్సులు నడుస్తాయి, అన్నింటిలోనూ 68 నంబరు ఆయిలే. ఏటా డ్రమ్మున్నర దాకా పాత ఆయిల్ దిగుతుంది. ఇప్పటికి నాలుగు డ్రమ్ములు పోగుపడ్డాయి. మా ఇల్లు వర్క్‌షాపు వెనకే. తొమ్మిది మందిమి ఉంటాము. పాత బ్రేకు డ్రమ్ములో ఆయిల్ చుక్కలు చుక్కలుగా పడేటట్టు పొయ్యి చేసి, దాని మీద నీళ్ల కాగు పెట్టుకోవచ్చని ఫోనులో వీడియోలు చూశాను. కిరోసిన్ కలిపితే తేలిగ్గా అంటుకుంటుందని కొందరంటున్నారు. రాత్రిపూట మా అమ్మగారి గదిలో వెచ్చదనానికి ఒక చిన్న పొయ్యి పెట్టాలని కూడా ఉంది. ఇది చేయవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా? (ఒక పాఠకుడు, బాలానగర్)

జవాబు: మీ ఆలోచన వెనక ఉన్న లెక్క తప్పు కాదని ముందే ఒప్పుకుంటాను. మామూలు హైడ్రాలిక్ ఆయిల్‌లో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా ఉండేది ముడి చమురు నుంచి తీసిన బేస్ ఆయిలే. కిలోకు సుమారు 10,000 కిలో కేలరీల వేడి అందులో ఉంది. బాగా ఎండిన కట్టెల్లో దీనిలో సగం కూడా ఉండదు. మీ దగ్గరున్న నాలుగు డ్రమ్ములంటే 840 లీటర్లు, బరువులో దాదాపు 730 కిలోలు. వేడి లెక్కన చూస్తే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్లు నలభై అయిదుకు పైగా మీ షెడ్డులో పడి ఉన్నట్టే. అంత వేడి కళ్ల ముందు ఉంటే ఎవరికైనా చేయి ఊరుకోదు. చిక్కంతా ఆ వేడిని బయటికి తీయడంలో ఉంది.

ఏ నూనె అయినా ద్రవంగా ఉన్నప్పుడు మండదు. దాని ఆవిరి గాలిలో కలిసినప్పుడే మండుతుంది. కిరోసిన్ ఆవిరి 40 డిగ్రీల ప్రాంతంలోనే అంటుకోవడానికి సిద్ధమవుతుంది కాబట్టి వత్తి చివర చిన్న మంట చాలు. హైడ్రాలిక్ ఆయిల్ ఆవిరి అంటుకోవాలంటే నూనె 200 డిగ్రీలు దాటాలి. యంత్రంలో అగ్ని ప్రమాదం జరగకూడదనే దాన్ని అలా ఎంచుకుంటారు. అంటే మండకుండా ఉండటం ఆ నూనెకున్న సుగుణం. మీరు పొయ్యిలో పోసినప్పుడు ఆ సుగుణంతోనే పోరాడవలసి వస్తుంది.

రెండో అడ్డంకి చిక్కదనం. డ్రమ్ము మీద ఉండే 68 అన్న నంబరు, 40 డిగ్రీల దగ్గర ఆ నూనె చిక్కదనం సుమారు 68 సెంటీస్టోక్సులని చెబుతుంది. అదే వేడి దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 మధ్య ఉంటుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు ఉన్నప్పుడు మీ ఆయిల్ చిక్కదనం రెండు వందలు దాటుతుంది. డీజిల్ బర్నరు నాజిల్ నూనెను పొగమంచులా చిమ్ముతుంది; అదే నాజిల్‌కు ఈ నూనెను ఇస్తే తీగలా కారుతుంది. అందుకే పాత ఆయిల్ కోసమే తయారు చేసిన బర్నర్లలో ముందుగా నూనెను అరవై, డెబ్బై డిగ్రీల దాకా వేడి చేసి, కంప్రెసర్ గాలితో దాన్ని చీల్చి, ఆ తుంపరకు కొలత ప్రకారం గాలి అందించి మండిస్తారు. దానికి ముందు వడపోత, నీటిని వేరు చేసే తొట్టి, మంట ఆరిపోతే నూనెను ఆపేసే సెన్సరు ఉంటాయి. బ్రేకు డ్రమ్ము పొయ్యిలో వీటిలో ఏ ఒక్కటీ లేదు.

వీడియోలో మీరు చూసింది ఆ పొయ్యి బాగా కాగిన తరువాతి పది నిమిషాలు. ఇనుము ఎర్రబడ్డాక చుక్క పడగానే ఆవిరై మండుతుంది, పొగ అంతగా కనిపించదు. వెలిగించిన మొదటి అరగంటా, ఆర్పిన తరువాతి పావుగంటా ఇనుము చల్లగా ఉన్నప్పుడు సగం కాలిన నూనె పొగై మీ ఇంటి మీదా, పక్కింటి ఆరేసిన బట్టల మీదా దిగుతుంది. స్నానాల నీళ్ల పొయ్యిని రోజూ వెలిగించి గంటలో ఆర్పేస్తాం కనుక, మీకు దక్కేది ఎక్కువగా ఆ పొగ కాలమే.

నీటి సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము బిరడా మీద వాన నీరు నిలుస్తుంది. పగలు వ్యాకోచించి రాత్రి ముడుచుకునే డ్రమ్ము ఆ నీటిని కొద్దికొద్దిగా లోపలికి పీల్చుకుంటుంది. నీరు నూనె కన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది, పైనుంచి చూస్తే తెలియదు. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. మండుతున్న నూనె అడుగున అది జరిగితే పైనున్న నూనె మొత్తం మంటతో సహా పైకి లేస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వర్క్‌షాపులో రాత్రి కాపలావారు చలి కాచుకోవడానికి సగానికి కోసిన డ్రమ్ములో పాత ఆయిల్ పోసి మండించేవారు. ఒక రాత్రి కొత్త డ్రమ్ము అడుగు నూనె తెచ్చి పోశారు. మంట షెడ్డు రేకుల దాకా లేచింది. అప్పుడు కంగారులో ఒకరు చేసిన పని బకెట్టు నీళ్లు తెచ్చి దాని మీద కుమ్మరించడం. ఆయన చేతులు మామూలు కావడానికి ఆరు నెలలు పట్టింది. నూనె మంటను ఇసుకతోనో, పొడి పౌడరు సిలిండరుతోనో, మూత వేసో ఆర్పాలని ఆ వర్క్‌షాపు గోడ మీద రాసే ఉంది. ఆ క్షణంలో గోడ వైపు చూసినవారు లేరు.

కిరోసిన్ కలపడం ఈ కష్టాన్ని తీర్చదు, మరొక కష్టాన్ని తెస్తుంది. కలిపిన నూనె అంటుకునే వేడి రెండింటి సగటు దగ్గర ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు, తేలిక నూనె కొద్ది పాలు కలిసినా మొత్తం దాని వైపే జారుతుంది. పెట్రోలు, థిన్నరు కలిపేవారిని గురించి రాయడానికి కూడా చేయి రావడం లేదు. కాగు కింద వేడిగా ఉన్న పొయ్యిలో అలాంటి మిశ్రమం పోస్తే మంట ధార వెంట డబ్బాలోకి ఎగబాకుతుంది.

ఇక పొగలో ఏముంటుంది? న్యాయంగా చెప్పాలంటే హైడ్రాలిక్ ఆయిల్ ఇంజన్ ఆయిల్ అంత మురికిది కాదు. అది ఇంజన్‌లో మంట పక్కన కాగలేదు, ఇంధనపు మసి దానిలో చేరలేదు. అయినా అరుగుదల తగ్గించడానికి కలిపే జింకు, ఫాస్ఫరస్, గంధకాల సమ్మేళనం అందులో కొద్ది మోతాదులో ఉంటుంది. పంపు, సిలిండరు, బుష్షుల నుంచి రాలిన ఇనుము, రాగి, క్రోమియం, కొన్ని చోట్ల సీసం రజను కూడా ఉంటుంది. నూనె కాలిపోతుంది, లోహాలు కాలవు. కొంత బూడిదగా కాగు అడుగున అంటుకుంటాయి, కొంత పొగతో ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నన్ను ఎక్కువ భయపెట్టేది మరొకటి. మన చిన్న వర్క్‌షాపుల్లో ‘వేస్ట్ ఆయిల్’ అని సుద్దముక్కతో రాసిన డ్రమ్ము ఒక్కటే ఉంటుంది. ప్రెస్సు ఆయిల్, కటింగ్ ఆయిల్, పార్టులు కడిగిన సాల్వెంటు అన్నీ అందులోకే పోతాయి. కొన్ని కటింగ్ ఆయిళ్లలో క్లోరినేటెడ్ పారఫిన్లు ఉంటాయి. గ్రీజు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్‌లోనూ క్లోరినే. క్లోరిన్ ఉన్న నూనె సరిగా కాలకపోతే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరితో పాటు డయాక్సిన్లనే ఘోరమైన విషాలు పుట్టవచ్చు. మీ నాలుగు డ్రమ్ముల్లోనూ ప్రెస్సు ఆయిల్ తప్ప మరొక చుక్క పడలేదని మీరు ప్రమాణం చేయగలరా?

పైగా హైడ్రాలిక్ ఆయిల్ అన్న పేరుతో చేతులు మారేదంతా ఒకే జాతి నూనె కాదు. ఫౌండ్రీల్లో, డై కాస్టింగ్ యంత్రాల దగ్గర నిప్పంటుకోకుండా నీరు, గ్లైకాల్ కలిపిన ద్రవం వాడతారు. అది పొయ్యిలో మండదు, చిటపటలాడుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల టర్బైన్ కంట్రోళ్లలోనూ, విమానాల్లోనూ ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవాలు ఉంటాయి. వాటిని కాల్చితే ఫాస్ఫరస్ ఆమ్లాల పొగ వస్తుంది. స్క్రాపు దుకాణంలో చవకగా దొరికిందని కొన్న డబ్బాలో ఇవేవైనా ఉండవచ్చు. రంగు చూసి, వాసన చూసి పోల్చుకోగలమన్న ధీమా నాకు ముప్పై ఏళ్ల తరువాత కూడా లేదు.

మీ అమ్మగారి గదిలో పొయ్యి మాట ఇక ఎత్తవద్దు. పొగ గొట్టం లేని ఏ మంట అయినా, అది బొగ్గుల కుంపటైనా సరే, తలుపులు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్‌ను నింపుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అది నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. నిద్రలో ఉన్న పెద్దవారికి తల తిరుగుతున్న సంగతి కూడా తెలియదు. హైదరాబాద్ చలికి మందపాటి రజాయి, కిటికీ సందులకు గుడ్డ, కావాలంటే నూనె నింపి మూసేసిన విద్యుత్ రేడియేటర్ హీటరు చాలు. ఆ హీటరులో ఉండేదీ నూనేనని, అయితే అది అక్కడ మండదని, వేడిని నిలుపుకోవడానికే ఉంటుందని పక్కమాటగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లు 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు రావాలంటే 500 కిలో కేలరీలు కావాలి. తొమ్మిది బకెట్లకు 4,500. సొంతంగా చేసుకున్న పొయ్యిలో మూడో వంతు వేడి కాగులోకి పోయిందనుకున్నా, రోజుకు లీటరున్నర ఆయిల్ చాలు. నాలుగు నెలల చలికి 180, 190 లీటర్లు. అంటే ఒక డ్రమ్ము కూడా పూర్తిగా ఖర్చు కాదు. మీకు ఏటా దిగేది డ్రమ్మున్నర. ఇన్ని తిప్పలు పడి కాల్చినా మీ షెడ్డులో డ్రమ్ముల సంఖ్య తగ్గదు, ఏటా పెరుగుతూనే ఉంటుంది. మీకున్నది వేన్నీళ్ల సమస్య ఒకటి, డ్రమ్ముల సమస్య ఒకటి. రెండింటికీ ఒకే మందు వేయాలని చూడటం వల్ల ఏదీ కుదరడం లేదు.

వేన్నీళ్ల సంగతి తేలిక. తొమ్మిది బకెట్లకు గీజరు రోజుకు ఆరు యూనిట్ల దాకా తీసుకుంటుంది, నెలకు 180. గృహజ్యోతి ఉచిత విద్యుత్ పథకం కింద 200 యూనిట్ల లోపు వాడుకునే కుటుంబమైతే ఆ హద్దు దాటిపోతుందన్న భయం సమంజసమే. డాబా మీద 200 లీటర్ల సౌర వాటర్ హీటరు పెట్టించుకోండి. మన చలికాలంలో మబ్బు రోజులు తక్కువ. సాయంత్రానికి కాగిన నీళ్లు తెల్లవారేదాకా ట్యాంకులో వేడిగానే ఉంటాయి.

డ్రమ్ముల సంగతికి వస్తే, చట్టం దగ్గర మీరు ఇంటి యజమాని కాదు, పరిశ్రమ యజమాని. ప్రమాదకర వ్యర్థాల నిర్వహణకు సంబంధించిన 2016 నాటి కేంద్ర నిబంధనల మొదటి షెడ్యూలులో, హైడ్రాలిక్ వ్యవస్థల నుంచి దిగిన వాడేసిన నూనెను 5.1 సంఖ్య కింద పేరు పెట్టి చేర్చారు. దాన్ని మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు; చిన్న ఉత్పత్తిదారులకు కాలుష్య నియంత్రణ మండలి ఆ గడువును పెంచవచ్చు. లెక్క రాసి పెట్టాలి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. అదే నిబంధనలు ‘వాడేసిన నూనె’ను ‘వ్యర్థ నూనె’ నుంచి వేరు చేశాయి: మొదటిది తిరిగి శుద్ధి చేయదగినది, రెండోది రిఫైనరీల, ఓడల ట్యాంకుల అడుగు మడ్డి వంటిది, ప్రమాణాలకు లోబడి ఫర్నేసుల్లో వాడదగినది. మీ ఆయిల్ మొదటి తరగతిది. ఇంటి పొయ్యికి ఈ రెండింటిలోనూ చోటు లేదు.

అసలు ఆ నూనె నిజంగా పనికి రాకుండా పోయిందా అన్న ప్రశ్నను మీరు వేసుకోలేదు. ఏడాది తిరగగానే మార్చేయాలని ఎవరో చెప్పి ఉంటారు. హైడ్రాలిక్ ఆయిల్ అరిగిపోయే వస్తువు కాదు. మురికి వల్ల, నీటి వల్ల, అతి వేడి వల్ల పాడవుతుంది. ట్యాంకులో నూనె 60 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలాకాలం నిలుస్తుంది. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందన్నది మా పనివారి మోటు లెక్క. ఒక గాజు సీసాలో నూనె తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పాలలా తెల్లబడితే నీరు కలిసింది. ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే ఆక్సీకరణ చెందింది. వేడి పెనం మీద ఒకే ఒక చుక్క వేస్తే చిటచిటమంటే కూడా నీరున్నట్టే; ఆ పరీక్ష చేసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు మరవవద్దు. ఇవేవీ కనిపించకపోతే ఒక నమూనాను ప్రయోగశాలకు పంపి చిక్కదనం, ఆమ్లత్వం, నీటి శాతం చూపించండి. చిక్కదనం కొత్త నూనెకు నూటికి పది లోపు తేడాతో ఉండి, ఆమ్లత్వం పెరగకపోతే, చిన్న పంపుకు 10 మైక్రాన్ల ఫిల్టరు ఒకటి, దాని తరువాత 3 మైక్రాన్లది ఒకటి బిగించి, ప్రెస్సు ఆగి ఉన్నప్పుడు ట్యాంకులోని నూనెను గంటల తరబడి తిప్పండి. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. పంపును తినేసే రజను దానిలో పదో వంతు కూడా ఉండదు కనుక కంటికి శుభ్రంగా కనిపించడం మీద ఆధారపడవద్దు. ఇలా చేస్తే మీకు ఏటా దిగే డ్రమ్మున్నర అర డ్రమ్ముకు తగ్గినా నేను ఆశ్చర్యపోను. కొత్త ఆయిల్ డ్రమ్ము ధరను మీరే గుణించి చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని మిచిగాన్‌లో కార్ల గ్యారేజీ నడుపుతున్నాడు. అక్కడ పాత ఆయిల్‌తో నడిచే హీటరు కొన్నాడు, ప్రభుత్వమే ఒప్పుకుంటుందని చెబుతున్నాడు. తెలిసినవారు ఇంటి హీటింగ్ ఆయిల్ ట్యాంకులో కూడా కొంచెం హైడ్రాలిక్ ఆయిల్ కలుపుతారట. అక్కడ తప్పు కానిది ఇక్కడ తప్పెలా అవుతుంది? (ఒక పాఠకురాలు, తార్నాక)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే అమ్మా, అయితే దాని వెంట మూడు షరతులున్నాయి. అమెరికా ఫెడరల్ నిబంధనల 40వ సంపుటి 279వ భాగం ప్రకారం, హీటరులో కాల్చే నూనె ఆ గ్యారేజీలో దిగినదో, సొంతంగా కారు ఆయిల్ మార్చుకున్న ఇరుగుపొరుగు తెచ్చి ఇచ్చినదో అయి ఉండాలి. హీటరు సామర్థ్యం గంటకు 5 లక్షల బీటీయూలు (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం) మించకూడదు. పొగ గొట్టం ద్వారా బయటి గాలిలోకి పోవాలి. ఆ హీటర్లలో నూనెను వేడి చేసే ఏర్పాటు, గాలితో చీల్చే నాజిల్, మంట సెన్సరు అన్నీ ఉంటాయి. బూడిద క్రమం తప్పకుండా తీయాలి. సాధారణంగా వాటి తయారీదారులే అవి వర్క్‌షాపులకు తప్ప నివాసాలకు కావని రాస్తారు. పాత ఆయిల్‌లో క్లోరిన్ జాతి పదార్థాలు 1,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దాటితే, అందులో ప్రమాదకర సాల్వెంటు కలిసిందనే అక్కడి నిబంధన ముందుగా అనుమానిస్తుంది. బాలానగర్ పాఠకుడికి నేను చెప్పిన ఒకే డ్రమ్ము జబ్బు అక్కడివారికీ తెలుసన్నమాట.

ఇంటి ట్యాంకులో కలపడం వేరే విషయం. అక్కడి ఇళ్ల బర్నర్లు డీజిల్ వంటి పలుచని నూనె కోసం తయారైనవి. నాజిల్ రంధ్రం సూది మొనంత ఉంటుంది. శుభ్రంగా వడకట్టిన హైడ్రాలిక్ ఆయిల్‌ను నూటికి రెండు మూడు పాళ్లు కలిపితే పొయ్యి వెంటనే ఆగిపోకపోవచ్చు. చలి రోజుల్లో బయట ఉన్న ట్యాంకులో అది చిక్కబడి, మంట పసుపు రంగుకు తిరిగి, వేడి మార్చే గొట్టాల లోపల మసీ, జింకు బూడిదా పేరుకుంటాయి. ఆ మసి మీద వచ్చే ఖర్చు, మిగిల్చిన నూనె ఖర్చు కన్నా ఎక్కువే కావచ్చు. సున్నాకు దిగువన నెలల తరబడి ఉండే మిచిగాన్‌లో గ్యారేజీ వెచ్చగా లేకపోతే పని సాగదు కాబట్టి, అక్కడ అంత యంత్రానికి పెట్టుబడి గిట్టుబాటు అవుతుంది. స్వెట్టరుతో గడిచిపోయే తార్నాకలో గిట్టదు. మీ అబ్బాయిని గ్యారేజీ హీటరు దగ్గరే ఆగమని, ఇంటి ట్యాంకు జోలికి పోవద్దని చెప్పండి.

ప్రశ్న: శామీర్‌పేట దగ్గర మాకు కోళ్ల ఫారం ఉంది. బ్రూడింగ్‌కు, అంటే కోడిపిల్లలను వెచ్చగా ఉంచడానికి, బొగ్గు బుఖారీలు వాడుతున్నాం. జేసీబీల నుంచి దిగిన ఆయిల్ చవకగా ఇస్తామంటున్నారు. బుఖారీలో బొగ్గు మీద కొంచెం కొంచెం పోస్తే ఖర్చు కలిసి వస్తుందా? (ఒక పాఠకుడు, శామీర్‌పేట)

జవాబు: కలిసి రాదు. మొదటి వారం కోడిపిల్లలకు 32 నుంచి 35 డిగ్రీల వేడి, అదీ ఒకే తీరుగా కావాలి. బొగ్గు మీద పోసిన ఆయిల్ ఒక్కసారిగా భగ్గుమని మళ్లీ పడిపోతుంది. పిల్లలు ఒకసారి దూరంగా పరుగెత్తి, మరోసారి ఒకదాని మీద ఒకటి గుంపుగా పడతాయి. చలికని పరదాలు దించిన షెడ్డులో పొగ నిలుస్తుంది. పక్షుల ఊపిరితిత్తులు మనకన్నా సున్నితమైనవి. బొగ్గు గనుల్లోకి కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టడానికి ఒకప్పుడు పిట్టలను తీసుకుపోయింది అందుకే. నేల మీద పొట్టు పరిచిన షెడ్డులో నూనె చిందితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. మీ బుఖారీకి పొగ గొట్టం షెడ్డు పైకప్పు దాటి పోతున్నదా, అతుకుల దగ్గర కారుతున్నదా అన్నది ముందు చూసుకోండి. ఖర్చు తగ్గించాలంటే బ్రూడరు చుట్టూ గార్డు, పైన దించిన పరదాలతో వేడి పెట్టవలసిన చోటును చిన్నది చేయండి.

ప్రశ్న: కాల్చకూడదు సరే, సెంట్రింగ్ పలకలకు రాయవచ్చా? చెద పట్టకుండా దూలాలకు పూస్తే? (ఒక పాఠకుడు, కాటేదాన్)

జవాబు: సెంట్రింగ్ పలకలకు పాత ఆయిల్ పూయడం మన ఊళ్లో ఎంత మామూలో నాకు తెలుసు. దాని వల్ల కాంక్రీటు మీద మరకలు పడతాయి, తరువాత ప్లాస్టరింగ్ పట్టు తగ్గుతుంది, పూసేవారి చేతులకు గంటల తరబడి అదే నూనె. ఇందుకని తయారు చేసిన షట్టరింగ్ ఆయిల్ దొరుకుతుంది, అదే వాడండి. ఇంట్లో దూలాలకు మాత్రం వద్దు: అది ఆరదు, వాసన పోదు, నిప్పుకు ఆహారమవుతుంది.

ప్రశ్న: చర్లపల్లిలో మా యూనిట్‌కు ప్రతి నెలా ఒక ఆటో వస్తుంది. పాత ఆయిల్‌కు రొక్కం ఇచ్చి తీసుకుపోతారు. రసీదు అడిగితే నవ్వుతారు. వేరే దారి ఉందా? ఇచ్చేదాకా ఎలా ఉంచాలి? (ఒక పాఠకుడు, చర్లపల్లి)

జవాబు: ఆ ఆటో ఎక్కడికి పోతుందో మీకు తెలియనంత కాలం, ఆ నూనె ఏ బట్టీలో పొగైనా, ఏ నాలాలో కలిసినా బాధ్యతలో మీకూ వాటా ఉంటుంది. అనుమతి ఉన్న రీసైక్లర్‌కు పంపితే ఫారం 10 అనే మానిఫెస్టు, అంటే నూనె ఎవరి నుంచి ఎవరికి పోయిందో చూపే పత్రం, మీ చేతికి వస్తుంది. అదే మీ రక్ష. సనత్‌నగర్ పారిశ్రామిక వాడలో ఉన్న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో, లేదా మీ ప్రాంతీయ కార్యాలయంలో అనుమతి ఉన్నవారి జాబితా అడగండి. శుద్ధి కేంద్రంలో ముందు నీటిని ఆవిరి చేసి, తరువాత వాక్యూమ్‌లో తక్కువ వేడి దగ్గరే మరిగించి బేస్ ఆయిల్‌ను వేరు చేస్తారు. అది మళ్లీ కొత్త ఆయిల్‌కు మూల సరుకు అవుతుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారుల మీదే వాడేసిన నూనెను తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను పెట్టారు కనుక, శుభ్రమైన పాత నూనెకు గిరాకీ ఉండటం సహజం. చిన్న యూనిట్లు ఐదారు కలిసి ఒకే రోజు బండిని పిలిపించుకుంటే రవాణా కలిసి వస్తుంది.

శుద్ధికి పంపే నూనెలో నిబంధనల ప్రకారం సీసం 100 పీపీఎం లోపు, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో ఉండే పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే విష పదార్థాలు 2 పీపీఎం లోపు ఉండాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనె, ఎక్కడిదో తెలియని నూనె మీ డ్రమ్ములో పడితే ఒక్క డబ్బాతో డ్రమ్మంతా తిరస్కరించే ప్రమాదం ఉంది. అందుచేత హైడ్రాలిక్ ఆయిల్‌కు ఒక డ్రమ్ము, ఇంజన్ ఆయిల్‌కు ఒకటి, కటింగ్ ఆయిల్‌కు ఒకటి వేరుగా పెట్టి, సుద్దముక్కతో కాకుండా పెయింటుతో పేరు, నింపడం మొదలుపెట్టిన తేదీ రాయండి. కింద సిమెంటు గచ్చు, చుట్టూ జానెడు గట్టు, పైన రేకు ఉండాలి. రేకు లేకపోతే నిండిన డ్రమ్మును నిలబెట్టవద్దు. అడ్డంగా పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెలు ఉండే చోట్లకు వచ్చేటట్టు తిప్పి, దొర్లకుండా రెండు వైపులా చెక్కముక్కలు పెట్టండి. బిరడాలు లోపలి నూనె మట్టం కింద ఉంటాయి కాబట్టి వాన ఎంత కురిసినా డ్రమ్ము నీటిని పీల్చుకోలేదు.